క్రీడాకారుని యోగక్షేమాలు

ఉద్దేశం

ఆటలో గెలుపోటములను గురించి పత్రికలు ప్రతిదినం రాస్తూనే ఉంటాయి. ఆట ముగిసిన తరువాత ఆటగాడు ఏ ఇంటికి వెళుతున్నాడు, ఏమి తింటున్నాడు, ఎవరితో మాట్లాడుతున్నాడు, గాయపడిన నాడు అతనిని ఎవరు చూసుకొంటున్నారు అన్న ప్రశ్నలను ఎవరూ అంతగా పట్టించుకోరు. చిన్న వయసులోనే వృత్తి క్రీడలలో అడుగుపెడుతున్న ఫుట్‌బాల్ ఆటగాళ్ళ బాగోగులకు బాధ్యులెవరో విద్యార్థులను ఆలోచింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

‘సంక్షేమం’ అన్న మాటను మనం నిత్యం వింటూ ఉంటాం. సంక్షేమ పథకాలు, సంక్షేమ శాఖ, సంక్షేమ వసతిగృహం వంటి ప్రయోగాలతో అది ప్రభుత్వ కార్యాలయాల మాటగా స్థిరపడిపోయింది. దానికి దగ్గరి చుట్టమైన ‘యోగక్షేమాలు’ అన్న మాట ఉత్తరాల మొదటి పంక్తిలో కొంతకాలం బ్రతికి, ఉత్తరాలతోపాటు తానూ వెనుకపట్టు పట్టింది. నిజానికి ఎంతో లోతైన సమాసమది. లేనిదానిని సంపాదించుకోవడం యోగం. సంపాదించుకొన్నదానిని పోగొట్టుకోకుండా కాపాడుకోవడం క్షేమం. ఈ రెండింటినీ విడదీయరాదని పెద్దలు వాటిని ద్వంద్వ సమాసంగా కూర్చారు. నేటి క్రీడారంగాన్ని పరిశీలిస్తే యోగానికి ఎందరో ఆసాములు కనిపిస్తారు. క్షేమం దగ్గరకు వచ్చేసరికి ఒకరి ముఖం ఒకరు చూసుకొంటారు.

విశాఖపట్నం ఓడరేవుకు కాపు కాస్తున్నట్లుగా సముద్రంలోకి చొచ్చుకొని వచ్చిన డాల్ఫిన్ నోస్ కొండకు ఆవలివైపున యారాడ గ్రామం ఉన్నది. మూడు దిక్కుల కొండలు, నాలుగవ దిక్కున బంగాళాఖాతం. కొండకు ఇవతల ఓడల కూతలు, కర్మాగారాల పొగ. అవతల అలల చప్పుడు. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరపడవలతో వేట నిషిద్ధం కనుక ఆ దినాలలో ఈ తీరమంతటా మత్స్యకార యువకులకు తీరిక ఎక్కువ. అటువంటి ఒక సాయంకాలం ఇసుకలో బంతి తన్నుతున్న పదహారేళ్ళ బాలుని ఒకనిని ఊహించుకొందాం. అతనికి పేరు పెట్టవలసిన పని లేదు. అతని పాదాలలోని వేగాన్ని దారిన పోయే ఒక శిక్షకుడు గమనించాడనుకొందాం. ఇక్కడితో యోగం మొదలయింది.

ఆ బాలుడు వృత్తి క్రీడాకారుడు కావాలంటే ముందుగా ఊరు విడువక తప్పదు. విశాఖకు పెద్ద లీగులలో ఆడే సొంత జట్టు లేదు. 2020లో ఐ-లీగ్ ప్రవేశానికి విశాఖపట్నం పేరుతో అనుమతి పొందిన శ్రీనిధి సంస్థ జట్టు కూడా తరువాత హైదరాబాదులోని దక్కన్ అరేనానే తన సొంతగడ్డగా చేసుకొన్నది. కాబట్టి మన బాలుడు హైదరాబాదుకో, గోవాకో, కోల్‌కతాకో రైలెక్కాలి. అక్కడ తన భాష తెలిసినవారు ఉండకపోవచ్చు. చేపల పులుసుతో అన్నం తిన్న నాలుక అకాడమీ భోజనశాలలో కొలిచి పెట్టే తిండికి అలవాటు పడాలి. మైదానంలో అతడు గడిపేది దినానికి రెండు మూడు గంటలు. ఆ సమయంలో అతని ప్రతి కదలికనూ చూసేవారు, కొలిచేవారు, సరిదిద్దేవారు ఉంటారు. తక్కిన ఇరవై ఒక్క గంటల సంగతి ఏమిటి? ఈ పాఠానికి మూలమైన ప్రశ్న ఇదే.

ఈ ప్రశ్నకు మన తెలుగునేలమీదనే ఒకనాడు ఒక సమాధానం దొరికింది. సయ్యద్ అబ్దుల్ రహీం (1909-1963) పేరు విద్యార్థులు వినియే ఉంటారు. హైదరాబాదుకు చెందిన ఈయన ఉపాధ్యాయుడు. 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా, సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడిగా పనిచేశారు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలుచుకొన్నది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణ పతకాలు సాధించింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానంలో నిలిచింది. కాన్సరుతో బాధపడుతూనే జకార్తా జట్టును నడిపించిన రహీం, ఆ విజయం తరువాత ఏడాది తిరగకముందే, 1963 జూన్ 11న కన్నుమూశారు. ఈ వివరాలన్నీ చరిత్ర గ్రంథాలలో దొరికేవే. మనకు కావలసినది అంతకంటె చిన్న సంగతి.

సికింద్రాబాదు సమీపాన అమ్ముగూడలో ఒక పేద కుటుంబంలో 1936లో జన్మించిన తులసీదాస్ బలరాం ఆటను రహీం ఒకనాడు చూశారు. నగరంలోని శిక్షణకు రమ్మని పిలిచారు. అమ్ముగూడ నుండి నగరం నడిబొడ్డుకు పది కిలోమీటర్లకు పైబడిన దారి. అద్దె సైకిలుకు కూడా తన దగ్గర డబ్బు లేదని ఆ యువకుడు చెప్పుకొన్నాడు. ఆ అద్దె డబ్బు రహీం తన జేబునుండి ఇచ్చారని బలరాం పెద్దవయసులో తానే చెప్పేవారు. అలా సైకిలెక్కిన బలరాం ఇరవై ఏళ్ళకే మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో, ఆపైన 1960 రోమ్ ఒలింపిక్స్‌లో, 1962 జకార్తాలో దేశం తరఫున ఆడారు. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీలతో కలిపి ఆయనను ఆ కాలపు త్రిమూర్తులలో ఒకరిగా చెప్పుకొనేవారు. సైకిలు అద్దె ఇవ్వడం శిక్షకుని ఉద్యోగంలో భాగం కాదు. ఇవ్వకపోతే అడిగేవారూ లేరు. కాని, ఆ చిల్లర డబ్బు లేకపోతే ఆ ఆట అమ్ముగూడ దాటేది కాదు.

కథ అంతటితో ముగియలేదు. ఊపిరితిత్తుల జబ్బు కారణంగా బలరాం 1963లో, ఇరవై ఆరేడేళ్ళ వయసులోనే, అగ్రశ్రేణి ఆటకు స్వస్తి చెప్పవలసి వచ్చింది. ఆటగాని జీవితంలో అది పండవలసిన వయసు. రహీం కూడా ఆ ఏడాదే కన్నుమూశారు. అయినా బలరాం వీధిన పడలేదు. ఆగ్నేయ రైల్వేలోని ఉద్యోగం ఆయనకు ఆధారంగా నిలిచింది. 2023 ఫిబ్రవరి 16న మరణించే వరకు, అరవై ఏళ్ళపాటు, ఆయన ఆటగాడు కాని మనిషిగా జీవించారు. ఆరేడేళ్ళ అగ్రశ్రేణి ఆట, అరవై ఏళ్ళ మిగులు జీవితం! ఏ క్రీడాకారుని జాతకమైనా ఇంచుమించు ఈ లెక్కలోనే ఉంటుంది. పోషణ గురించి మాట్లాడేవారు ఆ పెద్ద అంకెను మరచిపోతుంటారు.

ఆ తరంలో పోలీసు శాఖ, రైల్వేలు, ఓడరేవులు, ప్రభుత్వరంగ కర్మాగారాలు ఆటగాళ్ళకు ఉద్యోగమిచ్చి ఆడించేవి. జీతం పెద్దది కాకపోవచ్చు. ఆ రోజుల్లో క్రీడాకారుని మనోవ్యథకు వైద్యం చేయించాలన్న ఊహ కూడా ఎవరికీ లేదు. కాని ఆట మానిన మరునాడు కూడా ఆఫీసులో అతని కుర్చీ అతనికి ఉండేది. వైద్యశాల ఉండేది, క్వార్టరు ఉండేది, పింఛను ఉండేది. ఒక్కమాటలో, క్షేమానికి ఒక చిరునామా ఉండేది. 1996లో జాతీయ లీగు, 2007లో ఐ-లీగు, 2014లో ఇండియన్ సూపర్ లీగు వచ్చిన తరువాత ఆటగాడు ఉద్యోగి కాక ఒప్పందదారుడయ్యాడు. ధనం పెరిగింది, కీర్తి పెరిగింది. కుర్చీ పోయింది. ఈ మార్పును నిందించడం నా అభిమతం కాదు. ఆటను ఆటగా బ్రతకనిచ్చే వ్యవస్థ రావలసినదే. అయితే పాత ఇంటిని పడగొట్టినవారు కొత్త ఇంటికి పైకప్పు వేశారా అని అడిగే హక్కు అందులో కాపురముండేవారికి ఉన్నది.

పైకప్పు లేని ఇంట్లో వాన పడితే ఏమవుతుందో హైదరాబాదు ఎఫ్.సి. చరిత్ర చెబుతుంది. 2019లో ఏర్పడిన ఆ క్లబ్బు 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి సూపర్ లీగు విజేత అయింది. తెలుగు నగరం పేరు దేశమంతటా మారుమ్రోగింది. రెండేళ్ళు గడవకముందే జీతాలు నిలిచిపోయాయి. బకాయిల కారణంగా కొత్త ఆటగాళ్ళను చేర్చుకోరాదని ఫిఫా నిషేధం విధించింది. 2024 జనవరిలో పేరున్న ఆటగాళ్ళు అనేకులు ఒకరి వెంట ఒకరు వెళ్ళిపోయారు. మిగిలిన పోటీలలో ప్రధానంగా యువకులతోనే జట్టును దించవలసి వచ్చింది. 2023-24లో ఆ జట్టు గెలిచినది ఒక్క ఆట. దక్కినది చిట్టచివరి స్థానం. ఆపై యాజమాన్యం మారింది, 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలి పేరు కూడా మార్చుకొన్నది. పేరున్నవాడు మరొక క్లబ్బుకు పోగలడు. ఆ ఓటములను నెత్తిన మోసిన పద్ధెనిమిది, ఇరవై ఏళ్ళ పిల్లల సంగతి తలచుకొంటే మనసు కలుక్కుమంటుంది. వారు ఆడినది తమ తొలి పెద్ద పోటీ. నేర్చుకొన్న తొలి పాఠం ఓటమి. ఆ రాత్రులలో వారిని పలకరించే బాధ్యత ఎవరికి అప్పగించబడి ఉన్నది? 2025 జూలైలో సూపర్ లీగు తదుపరి పోటీలే సందిగ్ధంలో పడినప్పుడు కొన్ని క్లబ్బులు జీతాలను నిలిపివేశాయి. అంటే, ఇది ఒక్క క్లబ్బు లోపం కాదు.

ఇక్కడ ఆదిపర్వంలోని కుమారాస్త్ర విద్యాప్రదర్శన ఘట్టాన్ని ఒకసారి స్మరించాలి. ప్రాచీన సాహిత్యం చదివినవానికి ప్రతి మైదానంలోనూ ఆ రంగస్థలమే కనిపించడం సహజం, విద్యార్థులు మన్నింతురు గాక! కర్ణుడు వచ్చాడు, అర్జునుడు చూపిన విద్యలన్నీ తానూ చూపాడు. జనం అబ్బురపడ్డారు. కులగోత్రాల ప్రశ్న వచ్చి అతడు తల దించుకొన్నప్పుడు ఆదుకొన్నది దుర్యోధనుడొక్కడే. అంగరాజ్యమిచ్చి అక్కడికక్కడే అభిషేకించాడు. అది ఆదరణయే, సందేహం లేదు. కాని ఆ ఆదరణకు కర్ణుడు చెల్లించిన వెల ఎంత? ధర్మాధర్మాలు తెలిసి కూడా ఆ పక్షాన్ని విడువలేకపోయాడు. మేలు హక్కుగా కాక దయగా అందినప్పుడు అది ఋణమవుతుంది, ఋణం సంకెల అవుతుంది. తొలి బూట్లు కొనిపెట్టిన ఏజెంటుకు ఏళ్ళ తరబడి కట్టుబడిపోయే బాలుడు కూడా కర్ణుని వంటివాడే. రహీం వంటి మహానుభావుని ఔదార్యానికి నమస్కరిద్దాం. అయితే రహీంలు ప్రతి ఊరిలోనూ పుట్టరు; దుర్యోధనులకు మాత్రం ఏ కాలంలోనూ కొరత లేదు. అందుచేత యువ క్రీడాకారుని సంక్షేమం మంచివారి మనసుపై కాక, రాతపూర్వకమైన కట్టుబాటుపై నిలవాలన్నది నా వాదం.

అటువంటి కట్టుబాట్లు ప్రపంచంలో లేకపోలేదు. పద్ధెనిమిదేళ్ళు నిండని ఆటగాళ్ళను ఒక దేశంనుండి మరొక దేశానికి బదిలీ చేయడాన్ని ఫిఫా సాధారణంగా నిషేధించింది. మినహాయింపు ఇచ్చిన చోట కూడా ఆటతోపాటు చదువు చెప్పించాలనీ, ఆట ఫలించకపోయినా మరొక వృత్తిలో నిలదొక్కుకొనే శిక్షణ ఉండాలనీ, మంచి నివాసం, యోగక్షేమాలు చూడడానికి ఒక మార్గదర్శకుడు ఉండాలనీ నియమం పెట్టింది. మైనరుతో మూడేళ్ళకు మించి ఒప్పందం కూడదన్నది. క్లబ్బు రెండు నెలల జీతం అక్రమంగా ఎగవేస్తే, పదిహేను రోజుల గడువుతో నోటీసు ఇచ్చి, అప్పటికీ చెల్లించకపోతే ఆటగాడు ఒప్పందం రద్దు చేసుకోవచ్చునన్నది. అయితే చదువుకు, నివాసానికి సంబంధించిన ఆ నియమాలు సరిహద్దు దాటే బాలునికి వర్తిస్తాయి. యారాడనుండి గోవాకు వెళ్ళేవాడు ఏ సరిహద్దూ దాటడం లేదు కదా! అతనికి భాష మారుతుంది, తిండి మారుతుంది, తల్లిదండ్రులు వెయ్యి కిలోమీటర్ల దూరమవుతారు. చట్టం దృష్టిలో మాత్రం అతడు ఇంట్లోనే ఉన్నాడు. మన దేశం వంటి విశాల దేశంలో ఈ లోటు చిన్నది కాదు.

మరి బాధ్యత ఎవరిది? తల్లిదండ్రులది అని కొందరంటారు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం ప్రకారం మైనరు ఒప్పందం చేయజాలడు; కాబట్టి తండ్రి సంతకం కావాలి. వలల ముడి ప్రతిదీ ఎరిగిన ఆ తండ్రికి ఇరవై పుటల ఆంగ్ల పత్రంలోని ముడి ఎలా తెలుస్తుంది? ఆ పత్రాన్ని తెలుగులో ఇవ్వకుండా సంతకం తీసుకొన్నవారు ఆ తరువాత తల్లిదండ్రుల బాధ్యతను గుర్తు చేయడం న్యాయం కాదు. ఆటగాడే తన బాగు తాను చూసుకోవాలని మరికొందరంటారు. జీతం చేతికి వచ్చిన పందొమ్మిదేళ్ళవాడు దానిని ఎలా వాడుకోవాలో నేర్చుకోవాలి, నిజమే. నేర్పేవారెవరు? ఇంటిల్లిపాది ఆశలూ, బంధువుల అప్పులూ, స్నేహితుల విందులూ ఒక్కసారిగా ఆ జీతంమీద వాలుతాయి. ఓడిన రాత్రి ఫోను తెరిస్తే ముక్కూముఖం తెలియనివారి తిట్లు కనిపిస్తాయి.

నా దృష్టిలో బాలుని ఇంటినుండి కదిలించినవారిదే తొలి బాధ్యత. మన రేవులలో మరపడవ నడిపే సరంగు వేటకు ఎక్కించుకొన్నవారిని ఒడ్డుకు చేర్చేవరకు తనపని ముగిసినట్లు భావించడు. వేట పడిందా లేదా అన్నది వేరే మాట. క్లబ్బు స్థానం సరంగు స్థానమే. అయితే ఒక మెలకువ అవసరం. జట్టును ఎంపిక చేసే శిక్షకునికే ఆటగాడు తన మోకాలి నొప్పినీ, నిద్రలేమినీ, దిగులునూ చెప్పుకోవాలంటే నోరు రాదు. చెబితే ఆదివారం ఆటలో చోటు పోతుందేమోనన్న భయం. అందువల్ల ఆటగాని గోడు వినేవారు, జట్టును ఎంపిక చేసేవారు ఒక్కరే కారాదు. ఈ చిన్న విభజనకు పెద్ద ఖర్చు కాదు. గురుత్వం ఎంత గొప్పదైనా ఏకలవ్యుని బొటనవ్రేలిని అడిగినదీ గురువే అని మరువరాదు. లైంగిక వేధింపుల వంటి ఘోరాల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం ఈ బాధ్యతను అందరిపై మోపింది. తెలిసిన ప్రతి వ్యక్తీ ఫిర్యాదు చేసి తీరాలి.

ఆటగాళ్ళ సంఘాలది తరువాతి స్థానం. ఇంగ్లాండులో అటువంటి సంఘం 1907లోనే ఏర్పడింది. మన దేశంలో భారత ఫుట్‌బాల్ క్రీడాకారుల సంఘం 2006లో వచ్చింది. ఇంగ్లాండు అకాడమీలలో చేరిన పిల్లలలో అత్యధికులు వృత్తి క్రీడాకారులు కాలేరు. అలా వెనుదిరిగినవారికి మూడేళ్ళపాటు అండగా ఉండే పథకాన్ని 2022లో క్రిస్టల్ ప్యాలెస్ క్లబ్బు ప్రకటించింది. తనకు ఇక పనికిరాని ఆటగాని కోసం ఒక క్లబ్బు డబ్బు ఖర్చు చేయడం గమనించదగిన విషయం. మనదగ్గర అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ 1969లో స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ తన క్రీడాగ్రామంలో గ్రామీణ బాలబాలికలకు వసతి కల్పించి, ఆటనూ చదువునూ కలిపి నడపడం దీనికి దగ్గరి ప్రయత్నం. నిజామాబాదు జిల్లా తండానుండి బయలుదేరిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు వెళ్ళగలిగింది. ఆడపిల్ల ఇల్లు విడిచి ఆడబోతే బసనుండి ప్రయాణం దాకా ప్రతిదీ ఒక సంక్షేమ ప్రశ్నయే అవుతుందని వేరుగా చెప్పనక్కరలేదు.

ప్రభుత్వం పాత్ర ఇంకా ఆరంభదశలో ఉన్నది. 2025లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పరిపాలన చట్టం సురక్షిత క్రీడావిధానాన్నీ, క్రీడా సమాఖ్యలలో ఆటగాళ్ళ కమిటీలనూ, వివాదాల పరిష్కారానికి ఒక ట్రిబ్యునలునూ ఏర్పరచాలని నిర్దేశించింది. ఈ కాగితపు మాటలు జిల్లా సంఘాల వరకు, అక్కడినుండి కొండ దిగి సముద్రతీరపు ఊళ్ళ వరకు నడిచి రావలసి ఉన్నది. యారాడ బాలుని తండ్రి సంతకం పెట్టే దినాన ఆ పత్రంలో చదువు ఎవరు చెప్పిస్తారో, గాయమైతే వైద్యం ఎంతకాలం చేయిస్తారో, జీతం ఆగితే ఎవరిని అడగాలో, రాత్రి పదకొండు గంటలకు బాలుడు ఎవరికి ఫోను చేయాలో తెలుగులో రాసి ఉండాలి. ఆ చివరి గడిలో పదవి పేరు కాదు, ఒక మనిషి పేరు, ఒక ఫోను నంబరు ఉండాలి.

అర్థాలు

ఆసామి = హక్కుదారు; అబ్బురపడు = ఆశ్చర్యపడు; ఔదార్యం = ఉదారగుణం; అభిమతం = ఉద్దేశం; మారుమ్రోగు = ప్రతిధ్వనించు; సందిగ్ధం = సందేహ స్థితి; సరంగు = మరపడవను నడిపే పెద్ద; గోడు = మొర, బాధ.

ప్రశ్నలు

అ) క్రింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఆటగాడు ‘ఉద్యోగి’ స్థితినుండి ‘ఒప్పందదారుడు’ కావడంవల్ల కలిగిన లాభనష్టాలను వివరించండి.
2. కర్ణుని వృత్తాంతాన్ని రచయిత ఏ సందర్భంలో ప్రస్తావించారు? ఆ పోలిక ఎంతవరకు సమంజసమో చర్చించండి.

ఆ) సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. క్షేమానికి ఒక చిరునామా ఉండేది.
2. చట్టం దృష్టిలో మాత్రం అతడు ఇంట్లోనే ఉన్నాడు.

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. యోగానికి, క్షేమానికి గల భేదమేమి?
2. బలరాం ఏ కారణంచేత ఆటకు స్వస్తి చెప్పవలసి వచ్చింది?
3. ఆటగాని గోడు వినేవారు, జట్టును ఎంపిక చేసేవారు వేరువేరుగా ఎందుకు ఉండాలి?

ఈ) మీ ఊరిలో లేదా కళాశాలలో జిల్లాస్థాయికి ఎంపికైన క్రీడాకారులలో ఒకరిని కలిసి, మైదానం వెలుపల వారి దినచర్యను తెలుసుకొని, వారి అనుమతితో, పేరు పేర్కొనకుండా ఒక పుటకు మించకుండా రాయండి.